కళ్లు మూసుకుని పది సెకన్లు: మీరు ఎనిమిదిన్నర దగ్గరే ఎందుకు ఆగుతున్నారు

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. రుషికొండ ఐటీ హిల్ మీద ఆఫీసులో లంచ్ అయ్యాక ఫోన్ స్టాప్‌వాచ్‌తో ఒక ఆట ఆడుతున్నారు. స్క్రీన్ చూడకుండా సరిగ్గా పది సెకన్లకు ఆపాలి. మీరు ఎప్పుడు ఆడినా ఎనిమిదిన్నర ప్రాంతంలో ఆపేస్తున్నారు. మీ పక్క సీటాయనేమో కబుర్లు చెబుతూనే పదికి దగ్గరగా ఆపేస్తున్నాడు. మీకు టెన్షన్ ఎక్కువ, గుండె వేగంగా కొట్టుకుంటుంది కాబట్టే ఇలా అవుతోందని ఇంకొకరు తేల్చేశారు. రోజూ అలారం మోగకముందే మెలకువ వచ్చే నాకు పది సెకన్లు కొలవడం రాకపోవడమేంటి, మెదడులో ఏదైనా తేడా ఉందా అని మీ సందేహం.

నేను విశాఖలో డిగ్రీ పిల్లల చేత చాలా ఏళ్లు సైకాలజీ ప్రాక్టికల్స్ చేయించాను. ఖరీదైన పరికరమేదీ అక్కర్లేని ప్రయోగం కాబట్టి ఇది మాకు బాగా అలవాటైన ఆట. ముందే నా అభిప్రాయం చెప్పేస్తాను: మీ మెదడు గురించి కంగారు పడేముందు, మీరు అంకెలు ఎక్కడ మొదలుపెడుతున్నారో చూసుకోండి.

స్టార్ట్ నొక్కుతూనే మనసులో "ఒకటి" అంటున్నారా? "పది" అనగానే ఆపుతున్నారా? చాలామంది చేసేది అదే. ఒకటికీ పదికీ మధ్య ఉన్న ఖాళీలు తొమ్మిదే. సెకనుకి ఒక అంకె చొప్పున ఎంత కచ్చితంగా లెక్కపెట్టినా తొమ్మిది సెకన్లకే ఆగిపోతారు. దానికి తోడు అంకెలు కాస్త తొందరగా, ఒక్కోటి 0.95 సెకనుకి పడుతున్నాయనుకోండి. తొమ్మిది సార్లు 0.95 అంటే 8.55. మీరు చెప్పిన ఎనిమిదిన్నర వచ్చేసింది! స్టార్ట్ నొక్కేటప్పుడు "సున్నా" అని మొదలుపెట్టి మళ్లీ ఆడండి. మీ సమస్యలో చాలా భాగం అక్కడే తీరుతుందని నా అంచనా.

తీరకపోతే ఇంకో పరీక్ష ఉంది. పదితో పాటు ఇరవైకి, నలభైకి కూడా ఆడండి. మీరు 9, 18, 36 దగ్గర ఆపుతున్నారంటే మీ లెక్క నడకే తొందరగా ఉందన్నమాట. ప్రతి సెకనులోనూ పదోవంతు పోతోంది, ఎంతసేపు ఆడితే అంత పోతుంది. అలా కాక 9, 19, 39 దగ్గర ఆపుతుంటే నడక బాగానే ఉంది, మొదట్లోనో చివర్లోనో ఒక సెకను జారిపోతోంది. ఈ రెండూ వేరువేరు లోపాలు. వాటికి మందులు కూడా వేరు. పది సెకన్ల ఆట ఒక్కటే ఆడితే ఏది ఏదో ఎప్పటికీ తెలియదు.

మీ ఆఫీసు ఆటలో పెద్ద లోపం గెలుపును నిర్ణయించే పద్ధతి. ఎవరు పదికి దగ్గరగా ఆపితే వాళ్లు గెలిచినట్టు, అంతేగా? ఇద్దరు ఆటగాళ్లను ఊహించుకోండి. ఒకాయన వరుసగా 8.4, 8.6, 8.5, 8.7, 8.3 దగ్గర ఆపాడు. ఇంకొకాయన 9.1, 11.2, 10.0, 8.8, 10.9. రెండో ఆయన సగటు సరిగ్గా పది. పైగా ఒకసారి కచ్చితంగా 10.0 కొట్టాడు, అందరూ చప్పట్లు కొట్టారు. కానీ లోపలి గడియారం ఎవరికి బాగుంది? నన్నడిగితే మొదటాయనకే. ఆయన గడియారం తొందరగా తిరుగుతోంది, కానీ ప్రతిసారీ ఒకే తీరున తిరుగుతోంది. దాన్ని సరిచేయడం పది నిమిషాల పని. రెండో ఆయనది ఎప్పుడు ఎటు పోతుందో ఆయనకే తెలియదు.

కాబట్టి ఈ ఆటలో చూడాల్సినవి రెండు. సగటున ఎటువైపు తప్పుతున్నాం అనేది ఒకటి, ఒక్కో ప్రయత్నం ఎంత చెదురుతోంది అనేది రెండోది. రెండోదే అసలు విషయం. మీరు ఎప్పుడు ఆడినా ఎనిమిదిన్నర ప్రాంతమే అని రాశారు చూడండి, అది చదివి నేను సంతోషించాను. "ఎప్పుడూ" అన్న మాట నిజమైతే మీరు బలమైన ఆటగాడే.

భౌతిక శాస్త్రవేత్త రిచర్డ్ ఫైన్‌మన్ ప్రిన్స్‌టన్‌లో చదువుకునే రోజుల్లో ఇదే ఆట తన మీద తాను ఆడుకున్నాడు. మనసులో అరవై వరకు లెక్కపెడితే ఆయనకు 48 సెకన్లే పట్టేది. నిమిషానికి 12 సెకన్లు తక్కువ, అంటే మీకంటే ఘోరం. అయితే ఎన్నిసార్లు చేసినా 48 దగ్గరే వచ్చేది. దాంతో ఆయన నిమిషాన్ని సాధించే ప్రయత్నం వదిలేసి, ఈ 48ని ఏది కదిలిస్తుందో చూడాలనుకున్నాడు. గుండె వేగం వల్లేమోనని మెట్లు ఎక్కి దిగి, పరుగున వచ్చి మంచం మీద పడి లెక్కపెట్టాడు. అంకె మారలేదు. మీకు గుండె దడ అంటగట్టిన కొలీగ్‌కి ఈ సంగతి చెప్పండి.

ఒక్క మనిషి తన మీద చేసుకున్న పరీక్షతో శాస్త్రం తేలిపోదు, నిజమే. మీ కొలీగ్ మాటలో సగం సత్యం లేకపోలేదు కూడా. గుండె సంగతి పక్కన పెడితే, మనిషి ఉద్వేగంలో ఉన్నప్పుడు లోపలి గడియారం వేగం పుంజుకుంటుందని చూపే ప్రయోగాలు ఉన్నాయి. ఆట ముందు ఐదు సెకన్ల పాటు గబగబా టిక్కు టిక్కుమనే చప్పుళ్లు వినిపిస్తే చాలు, ఆ తర్వాత వచ్చే కాలం మనిషికి అసలుకంటే ఎక్కువగా అనిపిస్తుంది. సమానమైన వేగంతో టిక్కుమనిపించే మెట్రోనోమ్ యాప్ ఉంటే మీరే చేసి చూడొచ్చు.

దానికంటే పెద్దది ధ్యాస. కాలం మీదే దృష్టి పెట్టి కూర్చుంటే క్షణాలు సాగుతాయి, అందుకే ముందే ఆపేస్తాం. దృష్టి వేరే దాని మీదకు పోతే కొన్ని క్షణాలు లెక్కలోకి రాకుండానే జారిపోతాయి, ఆలస్యంగా ఆపుతాం. మద్దిలపాలెం జంక్షన్‌లో సిగ్నల్ దగ్గర ఎర్ర అంకెలు తగ్గడం కళ్లార్పకుండా చూస్తే ఎంత పొడుగ్గా ఉంటుందో, బండి మీద వెనకున్నవాళ్లతో మాట్లాడుతుంటే అదే సిగ్నల్ ఎలా అయిపోతుందో మీకు తెలియనిది కాదు. ఆటలో నలుగురూ చుట్టూ నిలబడి చూస్తుంటే మీరు కాలం మీదే ధ్యాస పెడతారు. టెన్షన్ అంటే అంతే. ఒంటరిగా ఆడి చూడండి, తేడా ఉందో లేదో తెలిసిపోతుంది.

ఇక్కడ చాలామంది పడే తికమక ఒకటుంది. పదికి ముందే ఆపేశాడు కాబట్టి వీడి లోపలి గడియారం నెమ్మది అంటారు. తిరగేసి ఆలోచించాలి. మీ లోపల "పది" పూర్తయ్యేసరికి బయట ఎనిమిదిన్నరే గడిచింది, అంటే మీ గడియారమే వేగంగా ఉంది. ఇదే మనిషికి పది సెకన్లు గడవనిచ్చి "ఎంతసేపైంది?" అని అడిగితే "పన్నెండు" అంటాడు. ఒకే లోపం, ఆపమంటే తక్కువగా, అంచనా చెప్పమంటే ఎక్కువగా కనిపిస్తుంది. ఇంటర్నెట్‌లో తిరిగే క్విజ్‌లు ఈ రెండింటినీ కలిపేసి మార్కులు వేసేస్తాయి. వాటిని పట్టించుకోకండి.

జ్వరం వస్తే లోపలి గడియారం మారుతుందనే మాట మాత్రం నిజం. 1933లో హడ్సన్ హోగ్లాండ్ అనే అమెరికన్ శరీరధర్మ శాస్త్రవేత్త దీని మీద ఒక పరిశోధనా వ్యాసం రాశాడు. ఆయన భార్య ఫ్లూ జ్వరంతో పడుకుని ఉంది. ఆయన కాసేపు బయటికి వెళ్లొస్తే, చాలాసేపు వెళ్లిపోయావని ఆవిడ గట్టిగా వాదించింది. ఇంకో భర్త అయితే సారీ చెప్పి ఊరుకునేవాడు. ఈయన స్టాప్‌వాచ్ తీసి, సెకనుకి ఒకటి చొప్పున అరవై లెక్కపెట్టమన్నాడు. జ్వరం పెరిగినప్పుడల్లా ఆవిడ అరవైని ఇంకా తొందరగా చేరేది. ఒళ్లు వేడెక్కితే లోపలి గడియారం వేగం పెరుగుతుందన్నమాట. మన వైజాగ్ మే నెల ఉక్కపోతకీ ఇదే వర్తిస్తుందా అని పిల్లలు అడిగేవారు. చెమట కారినంత మాత్రాన ఒంటి లోపలి ఉష్ణోగ్రత పెద్దగా మారదు. జ్వరం వేరు.

ఇక అలారం. ఉదయం మెలకువ తెప్పించేది, పది సెకన్లు కొలిచేది ఒకటే యంత్రం కాదు. రోజును కొలిచే గడియారం మెదడు అడుగున, హైపోథాలమస్‌లో, రెండు కళ్ల నరాలు కలిసే చోటుకి కాస్త పైన ఉంటుంది. పగటి వెలుతురును బట్టి రోజూ సరిచేసుకుంటుంది. వేసవిలో విశాఖలో ఐదున్నరకు ముందే సూర్యుడు వచ్చేస్తాడు, మీ పడకగది కిటికీ సముద్రం వైపు ఉంటే అలారానికి ముందే లేవడంలో గొప్ప ఏమీ లేదు. సెకన్లను కొలిచే పనికి అలాంటి ఒకే ఒక చోటు లేదు. మెదడు లోతుల్లో ఉండే బేసల్ గాంగ్లియా, వెనక కింది వైపు ఉండే సెరెబెల్లమ్, కదలికలను సిద్ధం చేసే పైపొర భాగాలు కలిసి చేస్తాయి. మెదడులో సందేశాలు మోసే డోపమైన్ అనే రసాయనం పాత్ర ఇందులో పెద్దది. అందుకే డోపమైన్ తగ్గిపోయే పార్కిన్సన్స్ జబ్బు ఉన్నవాళ్లకు ఈ తరహా పరీక్షల్లో తేడాలు కనిపిస్తాయి. అలాగని ఫోన్ ఆటలో తప్పిన వాళ్లకు జబ్బు ఉందనుకోవడం పొరపాటు. ఈ ఆటతో ఏ రోగమూ నిర్ధారణ కాదు.

ఈ రెండు గడియారాలు వేరని తెలుసుకోవడానికి మిషెల్ సిఫ్రే కథ చాలు. ఈ ఫ్రెంచి యువకుడు 1962 జూలైలో గడియారం లేకుండా ఒక లోతైన మంచు గుహలోకి దిగి రెండు నెలలు ఒంటరిగా ఉన్నాడు. పైనున్న వాళ్లకు ఫోన్ చేసినప్పుడు సెకనుకి ఒకటి చొప్పున 120 లెక్కపెట్టేవాడు. రెండు నిమిషాలు కావాల్సింది ఒకసారి ఐదు నిమిషాలు పట్టింది. సెప్టెంబర్ 14న బయటికి రమ్మంటే, తన లెక్కలో అప్పటికి ఆగస్టు 20 మాత్రమే. సెకన్లూ పోయాయి, తేదీలూ పోయాయి. కానీ ఆయన నిద్రా మెలకువల చక్రం మాత్రం దాదాపు 24 గంటలకు కాస్త పైన నిలకడగా నడిచింది, ఆయనకు తెలియకుండానే. మీకు ఒకటి బాగుండి ఇంకోటి బాగోకపోవడంలో వింతేమీ లేదు.

ఇప్పుడు ఆటను సరిగ్గా ఆడటం గురించి. మొదలుపెట్టే వేలు, ఆపే వేలు ఒకరివే కావాలి. పక్కవాడు "స్టార్ట్" అని అరిస్తే అది విని మీరు మొదలెట్టేసరికే సెకనులో అయిదోవంతు పోతుంది. చివరి దశాంశాల కోసం కొట్టుకోకండి, ఫోన్ తెరకే కొంత ఆలస్యం ఉంటుంది. ఒక వరుస ఆడేటప్పుడు ఫలితం చూడకూడదు, ఎవరూ చెప్పకూడదు. పక్కవాళ్లు రాసుకోవాలి. కనీసం పది ప్రయత్నాలు అయ్యాక చూడండి. ప్రతిసారీ ఫలితం చూస్తూ ఆడితే తర్వాతి ప్రయత్నంలో దాన్ని దిద్దుకుంటూ పోతారు. అది మంచి సాధనే, కానీ అప్పుడు మీరు కొలిచేది మీ గడియారాన్ని కాదు.

అలాగే 5, 12, 30 లాంటి రకరకాల గడువులను ఒకే వరుసలో కలగలిపి ఆడకండి, ముఖ్యంగా ఒక చప్పుడు ఎంతసేపు వినిపించిందో అంతసేపే మళ్లీ బటన్ నొక్కి పట్టుకోమనే రకం ఆటలో. జర్మన్ వైద్యుడు కార్ల్ ఫాన్ ఫియరోర్ట్ 1868లోనే చెప్పాడు: అలా కలిపితే పొట్టి గడువులను మనిషి సాగదీస్తాడు, పొడుగు గడువులను కుదిస్తాడు. అన్నీ మధ్యలోకి జరుగుతాయి. అది మీ లోపం కాదు, కలగలపడం వల్ల వచ్చేది.

లెక్కపెట్టకుండా ఆడితే ఏమవుతుందో కూడా చూడాలి. నాకు అన్నింటికంటే ఇష్టమైన భాగం ఇదే. పేపర్లో ఒక వార్త పైకి చదువుతూ పది సెకన్లకు ఆపండి. మనసులో అంకెలు నడవడానికి చోటుండదు కాబట్టి అసలు కాల స్పృహ బయటపడుతుంది, ఫలితాలు బాగా చెదిరిపోతాయి. ఆ చెదరడానికి ఒక లక్షణం ఉంది. పది సెకన్లకు ఒక సెకను అటూ ఇటూ చెదిరే మనిషి ముప్పైకి సుమారు మూడు సెకన్లు చెదురుతాడు. గడువు ఎంత పెరిగితే చెదరడం అంత నిష్పత్తిలో పెరుగుతుంది. ఎలుకలు, పావురాల్లో కూడా ఇదే కనిపిస్తుంది. జాన్ గిబ్బన్ 1977లో దీన్ని సిద్ధాంతంగా రాశాడు.

అంకెలతో లెక్కపెడితే మాత్రం లెక్క మారుతుంది. ఒక అంకె కాస్త తొందరగా, ఇంకోటి కాస్త నెమ్మదిగా పడి ఒకదాన్నొకటి సరిచేసుకుంటాయి. గడువు నాలుగింతలైతే చెదరడం సుమారు రెండింతలే అవుతుంది. కానీ మొత్తం నడకే తప్పుగా ఉంటే అది సర్దుకోదు, పోగవుతూనే ఉంటుంది. మీకు ఇరవై, నలభై ఆడమన్నది అందుకే.

నడకను సరిచేసుకోవడానికి తెలుగు అంకెలు ఒక చిక్కు పెడతాయి. "రెండు", "మూడు" చిటికెలో అయిపోతాయి. "ఎనిమిది", "తొమ్మిది" పొడుగు. ఇరవై దాటితే "ఇరవై ఎనిమిది", "ముప్పై తొమ్మిది" అని ఇంకా సాగుతాయి. పలకడానికి పట్టే కాలమే సెకనును తోసేస్తుంది. అందుకని ఒకటి నుంచి పది వరకే అని, పదులను వేళ్ల మీద వేసుకోండి. జపం చేసేవాళ్లు కణుపులు లెక్కపెట్టినట్టు బొటనవేలిని జరుపుకుంటూ పోవడం ఇంకా మేలు, నోటితో పనిలేదు. అంకెకీ అంకెకీ మధ్య ఖాళీ ఒక సెకనుకు మించనివ్వకండి. ఖాళీ పెద్దదైతే దాన్ని కొలిచేందుకు మళ్లీ అదే చెదిరిపోయే కాల స్పృహ కావాలి.

సంగీతం నేర్చుకున్న పిల్లలు ఈ ఆటలో ఎప్పుడూ ముందుండేవారు. ఆది తాళం ఎనిమిది అక్షరాలు. నిమిషానికి అరవై చొప్పున వేస్తే ఒక ఆవర్తనం, అంటే తాళం ఒక చుట్టు, ఎనిమిది సెకన్లు. చేతిలో తాళం పడుతుంటే నలభై సెకన్లంటే ఐదు ఆవర్తనాలే, అంకెలు గుర్తుంచుకోవాల్సిన పనే లేదు. మన పాత జ్యోతిష గ్రంథాల్లోనూ కాలాన్ని పలుకుతోనే కొలిచారు. పది గురువులు, అంటే దీర్ఘంగా పలికే అక్షరాలు, పలికే కాలం ఒక ప్రాణం, అంటే ఒక శ్వాస. ఆరు ప్రాణాలు ఒక విఘడియ, అరవై విఘడియలు ఒక ఘడియ. ఘడియ 24 నిమిషాలు కాబట్టి విఘడియ 24 సెకన్లు, ప్రాణం 4 సెకన్లు, ఒక్క గురువుకి 0.4 సెకను. దీర్ఘాక్షరాలతో చిన్న మాట ఒకటి ఎంచుకుని పలికి చూడండి, ఆశ్చర్యంగా దగ్గరగా వస్తుంది. శ్వాసనే నమ్ముకుని లెక్కపెట్టడం మాత్రం వద్దు. లెక్కపెడుతున్నామని తెలియగానే శ్వాస తీరు మారిపోతుంది.

బీచ్‌లో సాధన చేస్తానంటే అలల వైపు చూడకండి. అలలు ఒకదాని వెనక ఒకటి సమానంగా రావు, మీ లెక్కను వాటి నడకలోకి లాగేసుకుంటాయి. బీచ్ రోడ్డు నుంచి రాత్రిపూట డాల్ఫిన్ నోస్ కొండ మీద లైట్‌హౌస్ దీపం కనిపించే చోటు చూసుకోండి. ఏ లైట్‌హౌస్ అయినా తనకంటూ నిర్ణయించిన వరుసలో, నిర్ణయించిన కాలానికే వెలుగుతుంది. నావికులు దాన్ని బట్టే అది ఏ దీపమో గుర్తుపడతారు. కాసేపు వెలుగు చూసి, కళ్లు మూసుకుని, మళ్లీ వెలిగే క్షణానికి తెరవడం ఆట. ఒక చుట్టుకి సరిపోయాక, మధ్యలో మూడు చుట్లు వదిలేసి నాలుగో దానికి తెరవండి. ఫోన్ అక్కర్లేదు, పక్కవాళ్లతో పందెం కూడా కాయొచ్చు.

ఇంతకీ మీ పక్క సీటాయన కబుర్లు చెబుతూ పది కొట్టడం ఎలా? ఫైన్‌మన్ లెక్కపెడుతూ చదవగలిగేవాడు, మాట్లాడలేకపోయేవాడు, ఎందుకంటే ఆయన అంకెలను మనసులో పలికేవాడు. ఆయన మిత్రుడు, గణాంక శాస్త్రవేత్త జాన్ టుకీకి ఇది పూర్తిగా తిరగబడింది. మాట్లాడుతూ లెక్కపెట్టేవాడు, చదువుతూ మాత్రం కుదిరేది కాదు. అడిగితే, అంకెలు రాసిన పట్టీ ఒకటి తన కళ్ల ముందు జరుగుతుంటే చూస్తానన్నాడు. మీ పక్కాయనదీ ఆ బాపతు కావచ్చు, లేదా టేబుల్ కింద కాలు ఆడిస్తూ ఉండొచ్చు. రేపు ఆయన్ని పది కాకుండా 37 సెకన్లకు ఆపమనండి, ఆ 37 సెకన్లూ ఒక మెయిల్ పైకి చదవమనండి, కాళ్లు కూడా గమనించండి. ఐదుసార్లు చేయించి ఆ ఐదు సంఖ్యలు, "సున్నా" నుంచి మొదలుపెట్టాక మీకు పది, ఇరవై, నలభైకి వచ్చినవి ఇక్కడ రాయండి. అవి చూశాక మీది నడక లోపమో చివరి తొందరో చెప్పగలను.